మద్దెల ఓడు, కూడం వంకర

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవం కోసం ఏడో తరగతి పిల్లలకు ఒక పని ఇచ్చాం. మనిషి గుణాల మీద ఇంట్లో పెద్దవాళ్లు అనే సామెతలు రాసుకు రావాలి. ఎవరు అంటారో, ఎప్పుడు అంటారో కూడా రాయాలి. నెల్లూరు, చిత్తూరు అమ్మమ్మలకు ఫోన్లు వెళ్లాయని విన్నాను. ఓపిగ్గా చెప్పిన వాళ్లందరికీ కృతజ్ఞతలు. 1868లో కెప్టెన్ కార్ అనే ఆయన తెలుగు సామెతలెన్నో పోగుచేసి మన చెన్నైలోనే, అంటే అప్పటి మద్రాసులో, పుస్తకం వేశారు. మన పిల్లలూ ఈ ఊళ్లోనే అలాంటి పని చేశారని చెబితే వాళ్ల ముఖాలు వెలిగిపోయాయి.

మంచి గుణాల మీద వచ్చినవి తక్కువే. నిండుకుండ తొణకదు, పిట్ట కొంచెం కూత ఘనం, ఇంకో రెండు మూడు. మిగతావన్నీ మన లోపాల మీదే. 'ఆడలేక మద్దెల ఓడు' దాదాపు ప్రతి నోట్‌బుక్‌లోనూ ఉంది. పక్కింటి తమిళ పాటి (బామ్మ) మద్దెలను కాకుండా కూడం, అంటే ఇంట్లో హాలు, వంకర అంటుందని ఒక అమ్మాయి చెప్పింది. బెంగళూరు నుంచి వచ్చిన అబ్బాయి, కన్నడంలో నేలే డొంకు, అంటే వంకర, అంటారన్నాడు. మూడు భాషల్లోనూ ఆడేవాళ్లకు మాత్రం ఏ లోపమూ లేదు! ఇక పిల్లలు తమ మద్దెలలు తామే బయటపెట్టారు. పెన్ను రాయలేదు, ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోయింది, మిస్ ఆ పాఠం చెప్పనేలేదు. క్లాసంతా ఒకటే నవ్వు. తన తప్పు చూసి తానే నవ్వగలిగిన పిల్లలకు దాన్ని దిద్దుకోమని మనం వేరే చెప్పక్కర్లేదు.

గురివింద సామెత తెచ్చిన ఒకరిద్దరు గింజలు కూడా తెచ్చారు. పూర్వం కంసాలులు బంగారం తూచింది వీటితోనే. ఒక్కో గింజ సుమారు 120 మిల్లీగ్రాములు. ఎర్రటి గింజకు ఒక కొస నలుపు, ఆ నలుపు సంగతే దానికి తెలియదని సామెత. కానీ నమిలి మింగితే అది ప్రాణాంతకమైన విషం. దయచేసి ఈ గింజలు బడికి పంపకండి. ఇంట్లో చిన్నపిల్లలకు అందకుండా చూడండి.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఒక నోట్‌బుక్‌లోని ఒక్క లైను. 'కుక్కతోక వంకర. నాన్న నన్ను అంటారు. మార్కులు వచ్చినప్పుడు.' చదివి చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. మద్దెల సామెత ఆ రోజు చేసిన పనిని ఎత్తిచూపుతుంది. రేపు బాగా ఆడితే ఇక అది వర్తించదు. కుక్కతోక అలా కాదు, నువ్వు ఎప్పటికీ ఇంతే అని తీర్పు చెప్పేస్తుంది. పన్నెండేళ్ల బిడ్డ మీద ఆ తీర్పు ఎవరూ ఇవ్వకూడదు.

నేనూ ఒకప్పుడు ఆ తప్పు చేశాను. బోర్డు చూసి చదవమంటే పలకని ఒక అబ్బాయిని క్లాసు ముందే 'దున్నపోతు మీద వాన' అన్నాను. కొన్ని వారాలకు వాడు కళ్లజోడుతో వచ్చాడు. అంతవరకూ వాడికి బోర్డు మీద అక్షరమే కనిపించలేదట. క్షమించమని అడిగాను. 'పర్లేదు మిస్' అన్నాడు, తల ఎత్తకుండానే.

మార్చి పరీక్షలు దగ్గర పడ్డాయి. మీకూ టెన్షన్ ఉంటుంది, నాకు తెలుసు. కోపం వస్తే చేసిన పనిని అనండి, బిడ్డను అనకండి. పేరెంట్స్ మీటింగ్ రోజు ఏడో తరగతి గుమ్మం పక్కన ఒక ఖాళీ చార్టు పెడతాం. మీకు మీరే వర్తిస్తుందనుకునే సామెత ఒకటి దాని మీద రాసి వెళ్లండి, పిల్లలు చదువుతారు. మొదటి లైను నేను రాసేశాను: అత్త మీద కోపం దుత్త మీద.

మీ
ప్రధానోపాధ్యాయురాలు