రాకెట్ గాలిని తన్ని లేవదు

సంపాదకులకు,

ఆదివారం అనుబంధంలోని పిల్లల శీర్షికలో ‘మంట కిందనున్న గాలిని నెట్టడం వల్ల రాకెట్ పైకి లేస్తుంది’ అని రాశారు. అదే నిజమైతే శ్రీహరికోట నుంచి వెళ్లే ఎల్‌వీఎం3 రాకెట్ పైదశలోని క్రయోజెనిక్ (అతిశీతల ద్రవ ఇంధనంతో నడిచే) ఇంజిన్ ఎందుకూ కొరగాదు. అది వెలిగే ఎత్తులో నెట్టడానికి గాలే ఉండదు.

ఈ తప్పుకు వందేళ్లు దాటాయి. 1920 జనవరి 13న న్యూయార్క్ టైమ్స్ ఇదే వాదనతో అమెరికా రాకెట్ శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్‌కు హైస్కూలు పాఠం కూడా తెలియదని వెక్కిరించింది. జవాబు మాత్రం ఆయన పరిశోధన పత్రంలోనే ఉంది! స్మిత్‌సోనియన్ సంస్థ ప్రచురించిన ఆ పత్రం చివర్లో, చంద్రుడి మీద ఫ్లాష్ పౌడర్ పేలిస్తే భూమికి కనిపిస్తుందా అన్న లెక్క ఒకటుంది. పత్రికలు దాన్ని పట్టుకుని అసలు సరుకు వదిలేశాయి. గొడార్డ్ గాలి తోడేసిన గొట్టంలో చిన్న ఉక్కు ఛాంబర్‌ను (రాకెట్‌లో మంట మండే గది లాంటిదాన్ని) వేలాడదీసి, అందులో తుపాకిమందు పేల్చి, అది ఎంత పైకి ఎగిరిందో కొలిచాడు. వాయువు గొట్టం అడుగుకు కొట్టుకుని ఎగదన్నిందేమో అంటారని, వాయువు చుట్టూ తిరిగిపోయేలా వలయపు గొట్టంలోనూ పేల్చి చూశాడు. శూన్యంలో థ్రస్ట్ (పైకి తోసే బలం) తగ్గలేదు సరికదా, పెరిగింది. బయటి గాలి పీడనం థ్రస్ట్‌లో కొంత తినేస్తుంది మరి. అపోలో వ్యోమగాముల్ని చంద్రుడి వైపు మోసుకెళ్లిన శాటర్న్-5 రాకెట్ మొదటి దశలోని ఎఫ్-1 ఇంజిన్‌కు సముద్రమట్టంలో థ్రస్ట్ సుమారు 690 టన్నులు, శూన్యంలో 790. న్యూయార్క్ టైమ్స్ తన తప్పుకు సవరణ వేసుకున్నది 1969 జులై 17న, అపోలో-11 బయల్దేరిన మర్నాడు.

పిల్లలకు బొమ్మ వేసి చూపేకన్నా ఈ ప్రయోగం చేయించడం మేలు. లీటరు కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసా (గాజుది వద్దే వద్దు), మూతికి బిగువుగా పట్టే రబ్బరు బిరడా, దానిలో గుచ్చిన ఫుట్‌బాల్ సూది, పొడవాటి గొట్టం, సైకిల్ పంపు చాలు. సీసాను ఇటుకల మధ్య తలకిందులుగా నిలిపి, ముందు ఖాళీగానే గాలి కొట్టండి. బిరడా ఊడుతుంది, సీసా కాస్త ఎగిరి పడుతుంది. తర్వాత 300 మి.లీ. నీళ్లు పోసి కొట్టండి, ఎంత పైకి పోతుందో చూడండి. బయటి గాలి రెండుసార్లూ అదే. రెండు వాతావరణాల పీడనం దగ్గర బిరడా ఊడిందనుకుంటే, ఎక్కించిన గాలి బరువు రెండున్నర గ్రాములకు మించదు. నీళ్లు 300 గ్రాములు. సీసాను లేపేది వెనక్కి విసిరిన బరువు ఇచ్చే ఎదురుతోపే; ఆ బరువులోనే తేడా అంతా.

నీళ్లు సగం దాటితే గాలికి చోటు చాలదు. నీళ్లన్నీ బయటికి పోకముందే ఒత్తిడి అయిపోయి సీసా బరువుగా కూలబడుతుంది. బిరడా వదులైతే ఒత్తిడి పుట్టకముందే ఊడుతుంది. మరీ ఇరుక్కుంటే ఎవరూ సీసా మీదికి వంగకూడదు. పంపు దగ్గర గొట్టం విప్పి, నీళ్లతో సహా గాలి పోయాకే ముట్టుకోవాలి.

– ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, నెల్లూరు