చేరే ముందు ఇది చదువు, శీనూ

విజయవాడ,
ఆదివారం

ఒరేయ్ శీనూ,

"నీలాగే నేను కూడా కౌన్సెలింగ్ చదువులో చేరితే ఎలా ఉంటుందిరా?" అని మొన్న ఫోన్‌లో అడిగావు. దానికి అవుననో కాదనో ఫోన్‌లోనే తేల్చెయ్యడం నాకిష్టం లేకపోయింది. బడి వదిలాక పిల్లలు నీ దగ్గరికొచ్చి ఇంట్లో గొడవలన్నీ చెప్పుకుంటున్నారనీ, విన్నాక ఏం చెయ్యాలో తెలియక నీకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదనీ అన్నావు చూడు, ఆ మాట నన్ను వదలడం లేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నా. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు. ఈ చదువుకి ఫీజు కట్టేది ఒకరే అయినా మొయ్యాల్సింది ఇంటిల్లిపాదీ.

ముందు అసలు సంగతి. నేనొచ్చిన దారి ఇప్పుడు మూసేశారు. నేను 2024లో ఇగ్నో దూరవిద్యలో ఎంఏ సైకాలజీకి చేరాను. ఏ డిగ్రీ ఉన్నా చేర్చుకునేవాళ్లు. బీకాం చదివి బ్యాంకు కౌంటర్లో కూర్చునే నాకు అలా కుదిరింది. 2025 ఆగస్టులో, యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ ఒక ఉత్తర్వు ఇచ్చింది. సైకాలజీతో పాటు ఆరోగ్యానికి సంబంధించిన కోర్సులేవీ దూరవిద్యలో గానీ ఆన్‌లైన్లో గానీ నడపకూడదని, ఆ ఏడాది బ్యాచ్ నుంచే కొత్తవాళ్లని చేర్చుకోవద్దని. 2021లో వచ్చిన చట్టం ఒకటుంది, వైద్యానికి అనుబంధంగా ఉండే వృత్తులన్నిటినీ ఒక జాతీయ కమిషన్ కిందికి తెచ్చింది. ఈ ఉత్తర్వుకి మూలం అదే.

నాకు ఈ విషయంలో రెండు రకాలుగా అనిపిస్తుంది. మా క్లాసులో ఒక ఆసుపత్రి నర్సు ఉంది, ఒక అంగన్‌వాడీ సూపర్‌వైజరు ఉంది, రిటైరైన హెడ్‌మాస్టారు ఉన్నారు. వీళ్లెవరూ ఉద్యోగం, సంసారం వదిలేసి రెండేళ్లు యూనివర్సిటీ హాస్టల్లో ఉండగలిగినవాళ్లు కాదు. ఇలాంటి వాళ్లకి ఉన్న ఒక్క తలుపూ పోయిందే అని బాధ. అలాగని ఆ నిర్ణయం వెనకున్న ఆలోచన తప్పనలేను. పుస్తకం చదివి, పరీక్ష రాసి, పాసైపోయి, నేరుగా ఏడుస్తున్న మనిషి ఎదురుగా వెళ్లి కూర్చోకూడదు. రెండో ఏడాదిలోకి వచ్చాక ఇది నాకు ఇంకా గట్టిగా అనిపిస్తోంది. నువ్వు ఎక్కడ చేరినా, ఎప్పుడు చేరినా, ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే. నా ప్రాక్టీసు ఎవరు చూస్తారు? ఎవరు సరిదిద్దుతారు? మిగతావన్నీ తర్వాత.

చదువు గురించి కొంచెం చెప్తా. మొత్తం 64 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి 30 గంటల చదువు అని వాళ్ల లెక్క. లెక్కల మాస్టారివి, గుణించుకో, 1,920 గంటలు. తక్కువలో తక్కువ రెండేళ్లు, మహా అయితే నాలుగేళ్లలో ముగించాలి. జూన్లో, డిసెంబర్లో పరీక్షలు. అసైన్‌మెంట్లు చేత్తో రాసివ్వాలి, మార్కుల్లో 30 శాతం వాటికే. మొదటి ఏడాది మనిషి పుట్టినప్పటి నుంచి ముసలితనం దాకా ఎలా ఎదుగుతాడు, జ్ఞాపకం ఎలా పని చేస్తుంది, వ్యక్తిత్వం అంటే ఏంటి, ఇలా సాగుతుంది. స్టాటిస్టిక్స్‌కి ఒక పేపరంతా ఉంది. మా వాళ్లు కై స్క్వేర్ అంటే కంగారు పడిపోతారు, నువ్వైతే ఆడుతూ పాడుతూ లాగించేస్తావు. రెండో ఏడాదిలో క్లినికలా, కౌన్సెలింగా, ఆర్గనైజేషనలా అని ఒకటి ఎంచుకోవాలి. నేను కౌన్సెలింగ్ తీసుకున్నా. తెల్లవారుజామున లేచి చదువుకుంటున్నా. మా ఆవిడ లేవకముందే పాలు పొంగించి, కాఫీ కలుపుకుని, వంటింటి గట్టు మీదే పుస్తకం తెరుస్తా.

అసలు చదువు మాత్రం కౌన్సెలింగ్ ప్రాక్టీసుకి ముగ్గురం కుర్చీలేసుకుని కూర్చున్నప్పుడే మొదలైంది.

ముగ్గురిలో ఒకరు మాట్లాడాలి. ఒకరు కౌన్సెలర్‌గా వినాలి. మూడోవాళ్లు పక్కన కూర్చుని నోరు విప్పకుండా గమనిస్తూ రాసుకోవాలి. ఇరవై నిమిషాలయ్యాక స్థానాలు మారాలి. కల్పించిన కథ చెప్పకూడదు, నిజంగా మనసులో ఉన్నదేదైనా, మరీ పెద్దది కాకుండా, చెప్పాలి. నా వంతు వచ్చినప్పుడు మా పెద్దాడి సంగతి ఎత్తాను. వాడికి ఎంపీసీ ఇష్టం లేదని నీకు తెలుసుగా. ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు, అడిగితే ముక్తసరిగా జవాబిస్తాడు, తల్లి వెనకేసుకొస్తుంది అని గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోతున్నా. నా ఎదురుగా వింటున్నది ఆ నర్సు. "పిల్లలందరూ అంతేనండి" అనలేదు. "నెమ్మదిగా చెప్పి చూడండి" అని సలహా ఇవ్వలేదు. నేను ఆగేదాకా ఆగింది. ఆగాక కూడా వెంటనే మాట్లాడలేదు. పైన ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత నెమ్మదిగా అంది: "మీ మాటల్లో కోపం ఉందండీ, కానీ భయం ఇంకా ఎక్కువ వినపడుతోంది నాకు."

శీనూ, నాకు నోట మాట రాలేదు. వాడు ఫెయిలవుతాడని కాదు నా భయం. వాడికేదైనా కష్టమొస్తే నా దగ్గరికి రాడేమోనని. ఆ మాట నేను అప్పటిదాకా నాతో కూడా అనుకోలేదు. ఆమె నాకు కొత్తగా చెప్పింది ఏమీ లేదు, నాలో ఉన్నదే నాకు వినిపించేలా చేసింది. అయిపోయాక మూడోవాడు రాసుకున్న కాగితం చదివాడు. నేను ఏ మాట దగ్గర గొంతు తగ్గించానో, ఆమె ఎక్కడ ముందుకి వంగిందో, ఎంతసేపు మౌనంగా ఉందో, అన్నీ అందులో ఉన్నాయి.

కార్ల్ రోజర్స్ అని ఒక అమెరికన్ సైకాలజిస్టు 1957లో ఒక వ్యాసం రాశాడు. మనిషి మారాలంటే ఎదుటివాడు అతన్ని షరతులు పెట్టకుండా గౌరవించాలి, అతని స్థానంలో నిలబడి అర్థం చేసుకోవాలి, తను నటించకుండా ఉన్నదున్నట్టు ఉండాలి అని. పరీక్షకి ఈ మూడూ రాస్తే మార్కులొస్తాయి. కానీ ఆ నర్సు ఎదురుగా కూర్చున్నప్పుడు అవి నాకు జరిగాయి. జరిగాకే, ఇంకొకరికి ఎలా చెయ్యాలో నేర్చుకోవడం మొదలుపెట్టాను. మన ఇళ్లల్లో ఎవరైనా కష్టం చెప్తే ఒకటే వరస కదా. "దానిదేముంది, అంతా సర్దుకుంటుంది", "నీకన్నా కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా", లేకపోతే మన కథ మొదలుపెడతాం. ప్రేమతోనే అంటాం, కాదనను. అయితే ఆ మాటతో ఎదుటివాడి నోరు మూతపడుతుంది. నీ దగ్గరికొచ్చే పిల్లలు నీతో చెప్పుకుంటున్నారంటే నువ్వు ఇప్పటికే ఆ మాటలు అనకుండా వింటున్నావన్నమాట. అందుకే నువ్వు ఈ పనికి పనికొస్తావని నా నమ్మకం.

ఇంటర్న్‌షిప్‌కి నేను ఊళ్లోనే తాగుడూ మత్తూ మాన్పించే ఒక డీ-అడిక్షన్ సెంటర్‌కి వెళ్తున్నా. అక్కడి మనుషుల సంగతులు నీకు కూడా రాయను, పేర్లు మార్చి కూడా రాయను. ఆ గదిలో విన్నది ఆ గదిలోనే ఉండాలి. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో బల్ల అడ్డం లేకుండా, కాస్త పక్కకి తిప్పి వేసుకుంటాం. ఒక గ్లాసు నీళ్లు. గోడ గడియారం నాకు కనపడాలి, వాళ్లకి కనపడకూడదు. ఇంతే సరంజామా.

ఇంటికొచ్చాక వాళ్లన్నదీ నేనన్నదీ గుర్తున్నంత వరకు మాటకి మాట రాసి, గుర్తుపట్టే వివరాలు తీసేసి, మా సూపర్‌వైజర్ మేడమ్‌కి ఇవ్వాలి. ఆవిడ పెన్సిల్ తీసుకుని నా మాటల పక్కనే ప్రశ్నలు రాస్తారు. "ఈ ప్రశ్న ఎవరి కోసం అడిగావు? ఆవిడ కోసమా, నీ మనసు కుదుటపడ్డానికా?" చదివితే ఒక్కోసారి రెండు రోజులు దాని మీదే ఆలోచన. నేను చెప్పిన 1,920 గంటల్లో నన్ను కౌన్సెలర్‌ని చేస్తున్న గంటలు ఇవే. పుస్తకాలు అవసరమే, వాటిని తక్కువ చెయ్యను. కానీ ఈ పెన్సిల్ లేకపోతే నా చదువు సగమే.

నీకు ఇప్పుడే, కోర్సుతో పని లేకుండా, పనికొచ్చే మాటలు రెండు మూడు చెప్తా. ఒకటి, ఏ పిల్లవాడికీ "ఎవరికీ చెప్పను" అని పూర్తిగా మాటివ్వకు. ప్రాణం మీదికొచ్చే విషయమైతే చెప్పాల్సిన వాళ్లకి చెప్పాలి. లైంగిక వేధింపు అయితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలియజెయ్యడం నీ బాధ్యత, దాచడం నేరం. ఈ సంగతి ముందే పిల్లలకి సౌమ్యంగా చెప్పి పెట్టు. ఇంకోటి, ఎవరైనా బతకాలని లేదన్నట్టు మాట్లాడితే నేరుగా అడుగు: "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని మనవాళ్లు భయపడతారు. అలా అవదు. అడిగేవాళ్లు ఒకరున్నారని వాళ్లకి ఊపిరాడుతుంది. తర్వాత వాళ్లని ఒంటరిగా వదలకు, పెద్దవాళ్లని, డాక్టర్ని కలుపు. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసే టెలీ మానస్ నంబరు 14416 క్లాసు గోడ మీద రాయించు. 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

అలాగే మన హద్దు కూడా తెలియాలి. ఈ ఎంఏతో నేను క్లినికల్ సైకాలజిస్టుని కాను, దానికి వేరే శిక్షణ, రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. జబ్బు పేరు తేల్చడం, మందులు రాయడం నా పని కాదు, సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలి. ఎప్పుడు పంపాలో తెలుసుకోవడం మాత్రం కచ్చితంగా నా పనే.

ఇక నీ చేరిక గురించి. 2025 జూలైలో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు చూశావా? విశాఖలో నీట్ కోచింగ్‌కి వచ్చిన ఒక పిల్ల మరణం మీద నడిచిన కేసు. వంద మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరుండాలని చెప్పింది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరి ముందూ అవమానించడం మానుకోమంది. మన గడ్డ మీద పోయిన ప్రాణం వల్ల వచ్చిన తీర్పు ఇది. మరి ఇన్ని బళ్లకి, ఇన్ని కాలేజీలకి అంతమంది ఎక్కణ్ణుంచి వస్తారు? పిల్లల మధ్యలోనే ఉన్న నీలాంటి వాళ్లు తయారవ్వాలి. గోడ మీద బోర్డు పెట్టి, సగం రోజు అటెండెన్స్ రాయించే ఉద్యోగంగా ఇది మారిపోతే నేను తట్టుకోలేను.

నీకు సరిపోయేది నాకు ఒకటి కనపడింది. బడి పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్సీఈఆర్టీ వాళ్ల డిప్లొమా ఇన్ గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్. ఏడాది కోర్సు, ముఖ్యంగా ఉద్యోగంలో ఉన్న టీచర్ల కోసమే పెట్టింది. మొదటి ఆరు నెలలు ఇంట్లో ఉండే చదువుకోవచ్చు. తర్వాత మూడు నెలలు వాళ్ల దగ్గరికి వెళ్లి ముఖాముఖి నేర్చుకోవాలి. చివరి మూడు నెలలు నీ ఊళ్లోనే, నీ బళ్లోనే ఇంటర్న్‌షిప్. మన రెండు రాష్ట్రాలకీ మైసూరు రీజినల్ ఇన్‌స్టిట్యూటే సెంటరు. ఆ మధ్య మూడు నెలలే నీకు కష్టం, సెలవు దొరకాలి, చెల్లెమ్మ ఒక్కతే పిల్లల్ని చూసుకోవాలి. కానీ నిజం చెప్తున్నా, ఆ మూడు నెలలు ఉండబట్టే దాన్ని నీకు చెప్తున్నాను. ఎదురుగా మనిషి కూర్చుని నేర్పే భాగం అది. అది లేని సర్టిఫికెట్లు వారం రోజుల్లో ఇస్తామని చాలామంది ప్రకటనలిస్తున్నారు, వాటి జోలికి పోకు. డిప్లొమా అయ్యాక ఇంకా పెద్ద చదువు కావాలనిపిస్తే, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్‌లో ఉస్మానియా, తిరుపతిలో ఎస్వీ ఉన్నాయి. కాకపోతే అది రోజూ క్లాసుకెళ్లే వ్యవహారం. ఏడాది పోయాక ఆలోచించుకుందువు గాని.

ఇంటి సంగతి కూడా దాచకుండా చెప్పాలి. సెంటర్ నుంచి వచ్చిన రోజు నేను కాసేపు ఎవరితోనూ మాట్లాడలేను. మా ఆవిడకి మొదట్లో అది కష్టంగా ఉండేది, ఏం జరిగిందో చెప్పమనేది. చెప్పకూడదు కదా. ఇప్పుడు ఇద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం, నేను స్నానం చేసి, కృష్ణ కరకట్ట మీద ఒక చక్కర్ కొట్టి వచ్చాకే ఇంటి కబుర్లు. నువ్వు కూడా అలాంటిదేదో ముందే ఆలోచించి పెట్టుకో. వినేవాడికి కూడా వినేవాళ్లు ఒకరుండాలి, అది భార్య మీద మాత్రమే వెయ్యకూడదు. నీకు నేనున్నా. నాకు మా మేడమ్, మా ముగ్గురి జట్టు ఉన్నారు.

ఈ వారంలో మీ హెడ్‌మాస్టారితో సెలవు సంగతి కదిపి చూడు. డెప్యుటేషన్ మీద పంపించే వీలుందేమో మీ ఎంఈఓ ఆఫీసులో కూడా అడుగు. ఎన్సీఈఆర్టీ వెబ్‌సైట్లో నోటిఫికేషన్ పడిందేమో నేను చూస్తుంటా, పడగానే లింకు పంపిస్తా. సంక్రాంతికి తెనాలి వస్తావుగా, నా మొదటి ఏడాది పుస్తకాలన్నీ అట్టలేసి ఉంచాను, బ్యాగు ఖాళీగా తెచ్చుకో. చెల్లెమ్మ ఏమందో మాత్రం ముందు రాయి.

నీ
మురళి