త్రీనాట్‌త్రీ బోల్టు విప్పే ముందు

నెల్లూరు

అమ్మణ్ణీ,

నిన్ను ఒంగోలులో బెల్ ఆఫ్ ఆర్మ్స్ (తుపాకులు దాచే గది) పనికి వేశారని, అక్కడ త్రీనాట్‌త్రీలు (.303 రైఫిళ్లు) ఇంకా కొన్ని ఉన్నాయని అమ్మతో చెప్పావంట. బోల్టు (గుండును బ్యారెల్లోకి తోసి వెనక మూసే కడ్డీ) విప్పడం ఫోన్లో చెబితే అర్థమయ్యేది కాదు, అందుకే రాస్తున్నా. ఈ కాగితం బెంచి మీద పెట్టుకుని చెయ్యి.

ముందు ఒక సంగతి గట్టిగా పట్టుకో. ఏ బోల్టు ఆ రైఫిలుకే. హ్యాండిల్ మొదట్లో కొట్టిన నంబరు, బాడీ మీద నంబరు ఒకటే ఉండాలి. ఈ రైఫిలుకు లాకింగ్ లగ్గులు (పేలేటప్పుడు బోల్టును ఆపే ఉబ్బెత్తు ముక్కలు) బోల్టు వెనకవైపు ఉంటాయి. ఆ రెండూ బాడీలో సమానంగా ఆనేట్టు చూసి జత చేస్తారు. వేరే రైఫిలు బోల్టు పెట్టినా దూరుతుంది, మూసుకుంటుంది, పేలుతుంది కూడా. కానీ దెబ్బంతా ఒక్క లగ్గు మీదే పడొచ్చు, హెడ్‌స్పేస్ (బోల్టు మొహానికీ బ్యారెల్ వెనక మొహానికీ మధ్య సందు) మారిపోవచ్చు. హెడ్‌స్పేస్ 0.064 నుంచి 0.074 అంగుళం మధ్య ఉండాలి. అది దాటితే గుండు కేసు అడుగు దగ్గర సాగి తెగుతుంది. పది బోల్టులు ఒకే ట్రేలో పోసి కిరోసిన్‌తో కడిగేవాళ్లు ఉంటారు, ఆ పద్ధతి నీకొద్దు. ఒకటి విప్పి, కడిగి, బిగించి, దాని రైఫిల్లో పెట్టాకే రెండోది ముట్టుకో. ఇషాపూర్ తుపాకుల ఫ్యాక్టరీలో 1960ల్లో చేసిన 7.62 మి.మీ. రైఫిళ్లు కూడా అదే ర్యాకులో ఉంటే ఇంకా జాగ్రత్త. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి.

మ్యాగజైన్ తీసెయ్. మజిల్ (బ్యారెల్ ముందు నోరు) మనుషులు లేని వైపు పెట్టి, ఛాంబరు (గుండు కూర్చునే చోటు) కంటితో చూడు, చిటికెనవేలు పెట్టి కూడా చూడు. సేఫ్టీ ముందుకు తొయ్యి, వెనక్కి ఉంటే బోల్టు కదలదు. హ్యాండిల్ ఎత్తి బోల్టును చివరిదాకా వెనక్కి లాగు. బోల్ట్ హెడ్‌కు (బోల్టు ముందుండే విడి తల) కుడిపక్కన ఉండే కొక్కేన్ని బొటనవేలితో పైకి నెట్టు. చిన్న స్ప్రింగు పట్టు వదిలి టక్కున లేస్తుంది. ఇక బోల్టు వెనక్కి వచ్చేస్తుంది. ఇది మార్క్ త్రీ అనే మోడల్ సంగతి. నంబర్ ఫోర్ మోడల్ అయితే బోల్ట్ హెడ్‌ను వదిలే ఏర్పాటు వేరు, దాన్ని బలంగా నెట్టొద్దు.

బోల్ట్ హెడ్ చేత్తో తిప్పితేనే ఊడొస్తుంది. రోజువారీ శుభ్రానికి ఇంతవరకే చాలు. స్ట్రైకర్ (గుండు అడుగున ఉండే క్యాప్‌ను కొట్టే సూది) విప్పాల్సింది లోపల తుప్పో, నీళ్లో చేరినప్పుడు, లేదంటే మిస్‌ఫైర్లు వస్తున్నప్పుడు.

స్ట్రైకర్ తియ్యాలంటే ముందు కాకింగ్ పీస్‌లో (స్ట్రైకర్ వెనక కొసకు మరలతో బిగిసే ముక్క) ఉన్న చిన్న కీపర్ స్క్రూ తీసి గిన్నెలో వెయ్యి. తరువాత కాకింగ్ పీస్‌ను బోల్టు వెనకనున్న పొట్టి గాడి నుంచి పొడవు గాడిలోకి తిప్పు. స్ప్రింగు బలంగా లాగుతుంది, మధ్యలో వేలు పెట్టొద్దు. పొడవు గాడిలో ఉంటే స్ప్రింగు బిగువు తగ్గుతుంది, మరలు విప్పడం సులువు. స్ట్రైకర్ టూలు బోల్టు ముందు నుంచి దూర్చి, స్ట్రైకర్ కాలర్‌కున్న చదును అంచులు పట్టుకునేదాకా లోపలికి నొక్కి తిప్పు. చివరి మరలు వదిలేటప్పుడు స్ప్రింగు టూలును ముందుకు తోసేస్తుంది. అందుకే బోల్టు ముందు భాగం మొహం వైపు ఉండకూడదు, చివరిదాకా నొక్కి పట్టే ఉండాలి.

శుభ్రంలో ఒక ముఖ్యమైన విషయం. పాత .303 గుండ్ల క్యాప్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక మిగిలేది ఉప్పు. నూనె ఆ ఉప్పును కరిగించదు, మీద పూత పూసి దాచిపెడుతుంది, అంతే. కొత్తపట్నం వైపు నుంచి వచ్చే తేమగాలికి, అందులోనూ కార్తీకం వానల్లో, తెల్లారేసరికి బ్యారెల్లోనూ బోల్ట్ హెడ్ మొహం మీదా ఎర్రగా పట్టేస్తుంది. ఫైరింగు నుంచి వచ్చిన రోజే బ్యారెల్లో మరిగే నీళ్లు పొయ్యి. బోల్ట్ హెడ్ మొహం, స్ట్రైకర్ బొక్క కూడా వేడినీళ్లతో కడుగు. బాగా ఆరాక నూనె గుడ్డతో పల్చగా తుడువు. స్ప్రింగు మీద గ్రీజు కూరొద్దు. అది దుమ్ము పట్టి చిక్కబడి స్ట్రైకర్ వేగం తగ్గిస్తుంది, క్యాప్ మీద దెబ్బ చాలదు.

బిగింపులోనే తప్పులన్నీ జరుగుతాయి. స్ప్రింగు ఎక్కించిన స్ట్రైకర్‌ను ముందు నుంచి దూర్చి, కాకింగ్ పీస్ నాలుకను పొడవు గాడిలో పెట్టి టూలుతో మరలెక్కించు. స్ట్రైకర్ వెనక కొస కాకింగ్ పీస్ వెనక మొహంతో సమంగా వచ్చేదాకా తిప్పాలి. లోపలికి ఉండకూడదు, బయటికి రాకూడదు. కీపర్ స్క్రూ దూరకపోతే స్ట్రైకర్ మీది గంటు దానికి ఎదురుగా లేదని అర్థం. కొంచెం అటూ ఇటూ తిప్పి చూడు, స్క్రూ మీద బలం పెడితే మరలు పోతాయి.

ఇప్పుడు బోల్ట్ హెడ్. చేత్తో చివరిదాకా బిగించు. బిగిశాక కొక్కెం బోల్టు మీది పొడవాటి పక్కటెముకతో ఒక వరుసలో ఉండాలి. కానీ వరుస చూసి ఊరుకోవద్దు. ఒక పూర్తి చుట్టు తక్కువైనా వరుస అలాగే కనిపిస్తుంది గదా. హెడ్ భుజం బోల్టు ముందు మొహానికి ఆనిందా, సందు ఉందా, వెలుతురులో పెట్టి చూడు. పేలేటప్పుడు దెబ్బ ఆ భుజం మొయ్యాలి, మరలు కాదు. చేత్తో బిగిస్తుంటే కొక్కెం ఆ వరుస దాటి 20 డిగ్రీలకు మించి పోతే హెడ్ అరిగిందని పక్కన పెట్టించు.

కాకింగ్ పీస్ ఇంకా పొడవు గాడిలోనే ఉండగా, అంటే పేలిన స్థితిలో, స్ట్రైకర్ మొన బోల్ట్ హెడ్ బొక్కలోంచి దాదాపు ఒక మిల్లీమీటరు బయటికి రావాలి. తక్కువైతే మిస్‌ఫైర్, ఎక్కువైతే క్యాప్ చిల్లుపడి వేడి గ్యాసు వెనక్కి వస్తుంది. మొన గుండ్రంగా నున్నగా ఉందా గోటితో రాసి చూడు. గుంటలు పడితే ఆ స్ట్రైకర్ వద్దు.

చూశాక కాకింగ్ పీస్‌ను మళ్లీ పొట్టి గాడిలోకి తేవాలి. దాన్ని చెక్క బెంచి అంచుకు తగిలించి హ్యాండిల్ పట్టి తిప్పితే సులువుగా వస్తుంది. కాకింగ్ పీస్, రెసిస్టింగ్ లగ్ (లాకింగ్ లగ్గుల్లో ఒకటి) ఒకే గీతలో ఉంటేనే బోల్టు బాడీలోకి దూరుతుంది. లోపలికి తోసి, కొక్కేన్ని కిందికి నొక్కి స్ప్రింగు దాటించు. మూసేటప్పుడు చివరి అంగుళం బరువుగా ఉంటుంది, అది జామ్ కాదు. ఈ రైఫిలు మూసేటప్పుడే కాక్ అవుతుంది. నిజంగా ఆగిపోతే మాత్రం అరచేత్తో కొట్టకుండా బయటికి తీసి మళ్లీ చూడు.

డ్రిల్ రౌండు (మందు లేని నకిలీ గుండు) పెట్టి ఎక్స్‌ట్రాక్టర్ (కేసును బయటికి లాగే గోరు) పట్టు చూడు, సేఫ్టీ వెనక్కి వేసి ట్రిగ్గర్ లాగి చూడు. ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగు విరగనిదే విప్పొద్దు, ఎగిరిపోతే దొరకదు.

స్ట్రైకర్ టూలు మీ దగ్గర లేకపోతే ముక్కు పటకారుతో మాత్రం తిప్పొద్దు. కాలర్ అంచులు గుండ్రబడితే తరువాత టూలు వచ్చినా పట్టదు. ఆర్‌ఐ (రిజర్వ్ ఇన్‌స్పెక్టర్) గారితో చెప్పి ఇండెంటు (సామాను కావాలనే చీటీ) పెట్టించు.

మీ నాన్న