గొంతు చూసే నర్సు పళ్లూ చూడాలి

సంపాదకులకు నమస్కారం.

షుగర్, బీపీ, గర్భిణుల చెకప్, పిల్లల టీకాలు అంటూ జనం నర్స్ ప్రాక్టీషనర్ (రోగిని పరీక్షించి వైద్యం చేసేలా అదనపు శిక్షణ పొందిన నర్సు) దగ్గరకు తరచూ వస్తుంటారు. దంతవైద్యుడి దగ్గరకు మాత్రం నొప్పి ఓర్చుకోలేనప్పుడే వెళ్తారు. తల, కళ్లు, చెవులు, ముక్కు, గొంతు పరీక్షలో నోటినీ చేర్చాలని న్యూయార్క్ విశ్వవిద్యాలయ నర్సింగ్ బోధకులు 2015లోనే రాశారు. గొంతు కోసం ఎలాగూ నోరు తెరిపిస్తాం కదా, ఇంకో రెండు నిమిషాలు పడుతుందంతే.

కట్టుడు పళ్లుంటే ముందు తీయించాలి. ఒరుసుకున్న పుండ్లు వాటి కిందే ఉంటాయి. నాలుక కొసను గాజుగుడ్డతో పట్టుకుని అటూ ఇటూ లాగి అంచులు చూడాలి, నాలుక ఎత్తించి అడుగూ చూడాలి. నోటి క్యాన్సర్ తరచుగా మొదలయ్యే ఈ చోట్లు, 'ఆ' అనమని లైటు వేస్తే కనిపించవు. రెండు వారాలైనా మానని పుండు, తెల్ల లేదా ఎర్ర మచ్చ ఉంటే పూత మందులతో కాలయాపన చేయకుండా దంతవైద్యుడి దగ్గరకు పంపించాలి.

పసిపిల్లలకు పై పెదవి ఎత్తి చూడాలి. చిగుళ్ల అంచున పంటిమీద సుద్దలాంటి తెల్ల గీత ఉంటే పిప్పి మొదలవుతున్నట్టు. గుంట పడకముందే ఆపొచ్చు. అందుకు వాడేది పంటిని గట్టిపరిచే పూత, 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్. పాలపళ్లన్నిటికీ కలిపి 0.25 మి.లీ. చాలు. పళ్లు తుడిచి పలచగా పూస్తే లాలాజలం తగిలి గట్టిపడుతుంది. మూడు నుంచి ఆరు నెలలకోసారి మళ్లీ పూయాలి. చిగుళ్లు పుండుపడి ఉన్నా, అందులోని రోజిన్ (చెట్టు బంక) ఒంటికి పడకపోయినా వేయకూడదు. పూత పసుపుగా కనిపించవచ్చనీ, ఆ రాత్రి తోమవద్దనీ, వేడివి, గట్టివి పెట్టవద్దనీ తల్లికి ముందే చెప్పాలి. చెప్పకపోతే మరకనుకుని రుద్దేస్తారు, చేసిన పనంతా పోతుంది.

షుగర్ అదుపులో లేనివారి చిగుళ్లు, నోరు ఎండబెట్టే మందులు వాడేవారి పళ్లు ప్రతిసారీ చూడాల్సినవే. వాంతులయ్యే గర్భిణి వెంటనే పళ్లు తోమకుండా, కప్పు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి పుక్కిలించాలి.

మాకు ఎక్కువ బాధ కలిగించేది పంటినొప్పికి యాంటీబయాటిక్ రాసి ఇంటికి పంపేయడం. వాపు తగ్గవచ్చు గానీ, చీము పుట్టించే పన్ను అలాగే ఉంటుంది. దవడ కింద వాపుతో నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా అది అత్యవసరమే, మర్నాటికి వాయిదా వేయకూడదు.

'దంతవైద్యుణ్ని కలవండి' అని చీటీ రాస్తే చాలదు. రోగి ఎదుటే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. కనిపించిన లక్షణం, వాడుతున్న మందులు, ముఖ్యంగా రక్తం పలచబరిచేవి, హెచ్‌బిఎ1సి (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) ఫలితం రాసి పంపాలి. అక్కడేం చేశారో తిరిగి తెప్పించుకోవాలి. నర్సింగ్ కళాశాలలు ఈ నోటి పరీక్షను ప్రాక్టికల్ మార్కుల్లో చేర్చాలని కోరుతున్నాం.

ఇట్లు,
కొందరు నర్సింగ్ బోధకులు