స్టేషన్‌లో ఆ బల్లకు ఎదురుగా ఒక బోర్డు కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. మా వీధిలో ఒకామె జీడిపిక్కలు కొట్టే పనికి వెళుతుంది. పలాస చుట్టుపక్కల ఇది విశేషమేమీ కాదు. మొన్నామధ్య ఆమె పనిచేసే చోట పప్పు డబ్బాలు రెండు తక్కువ వచ్చాయట. ఆ రోజు పనిలో ఉన్న ఆడవాళ్లను ఒక్కొక్కరినే స్టేషన్‌కు పిలిచారు. నోటీసు అంటూ ఏమీ లేదు. "ఒకసారి వచ్చి వెళ్లమ్మా" అని ఫోను, అంతే. "మాస్టారూ, మీరు తోడు రండి" అంటే వెళ్లాను. ఏ స్టేషనో రాయను. ఆమె రేపూ కూలికి వెళ్లాలి.

పొద్దున్న పదింటికి వెళ్లినవాళ్లం దీపాలు పెట్టే వేళకు బయటపడ్డాం. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. టీ కూడా తెప్పించారు. గోడ వారనున్న బల్ల మీద కూర్చోబెట్టి, గంటకోసారి లోపలికి పిలిచి, అడిగినవే మళ్లీ అడిగారు. "ఆ డబ్బాలు నువ్వు ముట్టుకున్నావా?" అన్నారు. "ముట్టుకున్నాను బాబూ" అంది. రోజూ ముట్టుకునేవే కదా! ఆ జవాబును కాగితం మీద ఎలా రాసుకున్నారో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

చివర్లో ఆ కాగితం తెచ్చి వేలిముద్ర వేయమన్నారు. ఏళ్ల తరబడి పిక్కల జీడి రసం తగిలి ఆమె బొటనవేలి గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. ముద్ర సరిగా పడలేదు. కొంగుతో తుడుచుకోమని, మళ్లీ సిరా పూసి, ఈసారి గట్టిగా నొక్కించారు. అందులో ఏముందో చదివి వినిపించమని నేనైనా అడగాలి. ముప్పై రెండేళ్లు పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి, ఆ గదిలో నాకు నోరు పెగల్లేదు.

మధ్యలో ఒక్కసారి మాత్రం, "లాయరుతో మాట్లాడి వస్తాం సార్" అన్నాను. "తప్పు చేయనివాళ్లకు లాయరెందుకు మాస్టారూ?" అని నవ్వారు. ఇంటికొచ్చి చెబితే వీధిలోనూ అదే మాట. మా ఆవిడా అదే అంది. జవాబు తోచని సిగ్గుతో మరుసటి వారం ఒక న్యాయవాదిని వెతుక్కుంటూ వెళ్లాను.

అసలు ఆమె స్టేషన్‌కు వెళ్లనక్కరలేదట! సాక్షిగా విచారించేటప్పుడు ఆడవాళ్లను, పదిహేనేళ్ల లోపు మగపిల్లలను, అరవై దాటిన మగవాళ్లను, వికలాంగులను, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారిని వాళ్లుండే చోటికే వచ్చి అడగాలి. వాళ్లే ఇష్టపడి వస్తామంటే వేరు సంగతి. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతుల చట్టం) స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ ఇది. పాత చట్టంలో 160గా ఉండేది. అంటే అరవై నాలుగేళ్ల నన్నూ రప్పించకూడదు. నేనేమో పిలవకుండానే వెళ్లి కూర్చున్నాను.

ఆ వేలిముద్ర సంగతీ అంతే. దర్యాప్తులో పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద చెప్పినవారి సంతకం తీసుకోకూడదని 181వ సెక్షన్. పోలీసులు అడిగినదానికి నిజమే చెప్పాలి, అబద్ధమాడే హక్కు ఎవరికీ లేదు. కానీ మనల్నే నేరంలో ఇరికించే ప్రశ్నకు జవాబివ్వనవసరం లేదు. రాజ్యాంగం 20(3) అధికరణం ఇచ్చిన రక్షణ అది.

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. ఆ రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన నందినీ శత్పథిని 1977లో పోలీసులు స్టేషన్‌కు రమ్మని ప్రశ్నల పట్టిక ఇచ్చారు. ఆమె జవాబివ్వనన్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మహిళను స్టేషన్‌కు పిలిపించడమే తప్పని, విచారణలో న్యాయవాది పక్కన ఉండాలని కోరితే కాదనకూడదని 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాశారు. మాజీ ముఖ్యమంత్రికే సుప్రీంకోర్టు మెట్లెక్కితే గాని దక్కని మర్యాద, పిక్కలు కొట్టుకునే మనిషికి ఫోను పిలుపుతో దక్కుతుందా?

అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవారికి తెలపాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. విచారణ నడుస్తుండగా తనకు నచ్చిన న్యాయవాదిని కలవనివ్వాలి. మొదటి నుంచి చివరి దాకా పక్కనే కూర్చోనిస్తారని మాత్రం ఆ సంహిత 38వ సెక్షన్ చెప్పదు. ఫీజుకు డబ్బులేవీ అంటారా? మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. ఉచిత న్యాయ సహాయం నంబరు 15100కు ఫోను చేస్తే చాలు.

ఆ రోజు నవ్విన సారుకు జవాబు ఇప్పుడు దొరికింది. దొంగకు ఏది చెప్పకూడదో తెలుసు. ఏమీ చేయని మనిషే, పెద్దవాళ్లు అడిగారు కదా అని "ముట్టుకున్నాను బాబూ" అంటుంది. లాయరు ఆమెకే ఎక్కువ అవసరం.

అరెస్టులో పాటించాల్సిన నియమాలను ప్రతి స్టేషన్‌లో అందరికీ కనబడేలా పెట్టాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే ఆదేశించింది. మేం కూర్చున్న బల్ల మీద నుంచి నాకు కనబడినవి గడియారం, ట్రాఫిక్ జరిమానాల పట్టిక. బోర్డు ఇంకెక్కడైనా ఉందేమో, అధికారి కుర్చీ వెనుక ఉంటే ఎవరికి లాభం? జిల్లా పోలీసు అధికారులు దాన్ని ఆ బల్లకు ఎదురుగా, పెద్ద తెలుగు అక్షరాల్లో పెట్టించాలి. సాక్షులను పిలవడం గురించి, సంతకం గురించి రెండు వాక్యాలు కలిపితే ఇంకా మంచిది. చదువు రానివాళ్ల కోసం న్యాయ సేవాధికార సంస్థ వారు పొద్దున్నే పని మొదలయ్యే వేళకు జీడి బట్టీల దగ్గరికే వచ్చి నోటితో చెప్పాలి.

మీకూ ఒక విన్నపం. రోజూ బంగారం ధర వేస్తారు కదా, దాని కింద 15100 అని ఒక్క నంబరు వేయించండి. మా వీధిలో ధర చూసేవాళ్లు చాలామందే ఉన్నారు, కొనేవాళ్లు లేకపోయినా.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం జిల్లా