యంత్రం ఆపినా ఆగని నడక

సంపాదకులకు నమస్కారం.

2011లో సైకిల్ ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని కాళ్లు చచ్చుబడిన డచ్ దేశస్థుడు గెర్ట్-యాన్ ఓస్కమ్, మెదడు సంకేతాలను కంప్యూటరు ద్వారా నేరుగా వెన్నుపాముకు అందించే పరికరంతో సహజంగా నడవగలుగుతున్నారని స్విట్జర్లాండ్‌లోని లొసాన్ నగర పరిశోధకులు 2023 మేలో ‘నేచర్’ విజ్ఞాన పత్రికలో వెల్లడించారు. అంతకన్నా నన్ను కదిలించినది, శిక్షణ తరువాత పరికరాన్ని ఆపేసినా ఆయన ఊతకర్రలతో నడవగలగడం. మిగిలి ఉన్న నరాల దారులకు సాధన బలాన్నిస్తుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

పక్షవాతం వచ్చిన మా నాన్నగారు రోజూ పొద్దున్నే కుడిచేతి వేళ్లతో గిన్నెలోని శనగలను ఒక్కొక్కటిగా ఏరి పళ్లెంలో వేస్తారు. మొదటి నెలలో ఒక్క గింజా పట్టు చిక్కలేదు. ఇప్పుడు చొక్కా గుండీలు తామే పెట్టుకుంటున్నారు. ఈ సాధన నేర్పే ఫిజియోథెరపిస్టు కోసం మేము జిల్లా కేంద్రానికి వెళ్లవలసి వస్తోంది. మండల ఆసుపత్రుల్లోనే వారిని నియమించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా