ముందు బూజు సంగతి చూడు, స్కానరు తర్వాత

బరంపురం

గురూ,

మీ నాన్నగారి గ్రామఫోను రికార్డులు, పెద్ద ఎల్పీలూ చిన్న ఈపీలూ, బీరువాలోంచి దింపి, అట్టలన్నీ స్కాన్ చేద్దామనుకుంటున్నానని రాశావు. మంచి పని. కానీ స్కానరు కొనడానికి తొందరపడకు. గోపాలపూర్ సముద్రపు గాలి తగిలే ఊరు మనది. గాల్లో చెమ్మ 65 శాతం దాటి అలాగే నిలిచిందంటే అట్టకి బూజు పడుతుంది.

బూజున్నవి ముందు వేరు చెయ్యి. డిస్కు బయటికి తీసి, అట్టని నీడలో రెండు మూడు రోజులు ఆరనివ్వు. తడి మీద తుడిచావా, బూజు కాగితంలోకి ఇంకి మరకైపోతుంది. ఎండాక పొడిలా రాలుతుంది. అప్పుడు ఎన్95 మాస్కు కట్టుకుని, పెరట్లో కూర్చుని, మెత్తటి బ్రష్షుతో దులుపు. ఎండలో మాత్రం పెట్టకు, రంగులు వెలిసిపోతాయి. తడిగుడ్డ, స్పిరిట్ దగ్గరికి రానివ్వకు. పాత సెల్లోటేపు పీకితే బొమ్మ కూడా దానితో వచ్చేస్తుంది, వదిలెయ్. పైనున్న ప్లాస్టిక్ పొర లేచినచోట జిగురూ పెట్టకు.

ఇక స్కానింగు. ఎల్పీ అట్ట సుమారు 31.5 సెంటీమీటర్ల చదరం. ఏ4 గాజు 21.6 బై 29.7. అంటే ఒక్కో వైపుకి నాలుగు స్కాన్లు తీసి అతికించాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. గాజు చుట్టూ చిన్న గట్టు ఉంటుంది చూడు, అట్ట దాని మీదికెక్కి గాజుకి రవ్వంత ఎడమవుతుంది. సన్నగా, తేలిగ్గా ఉండే చవక స్కానర్లలో బొమ్మని చదివే సెన్సరు సీఐఎస్ రకంది ఉంటుంది, ఆ మాత్రం ఎడానికే అక్షరాలు అలుక్కుపోతాయి. సీసీడీ రకమైతే తట్టుకుంటుంది. కొనేముందు ఆ ఒక్క ముక్కా అడుగు. నాలుగు స్కాన్లకీ ఆటో ఎక్స్‌పోజరు, ఆటో కలరు ఆపెయ్యి. లేకపోతే ఒక్కో ముక్క ఒక్కో రంగులో వచ్చి అతుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అతకడానికి హ్యూగిన్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది.

600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున తియ్యి. ఆ అట్టలు ఆఫ్‌సెట్ చుక్కలతో అచ్చయినవి. తక్కువ డీపీఐలో తీస్తే చుక్కలూ పిక్సెళ్లూ ఒకదానితో ఒకటి పొసగక అలలు అలలుగా గీతలు పడతాయి. నాణ్యత తగ్గించకుండా దాచే టిఫ్ ఫైలుగా ఒక్కో వైపూ 165 ఎంబీ దాకా అవుతుంది, ఫరవాలేదు.

వందల్లో ఉంటే మాత్రం నా ఓటు కెమెరాకే. 24 మెగాపిక్సెళ్లదైనా ఎల్పీ అట్టకి 300 డీపీఐ పైచిలుకు ఇస్తుంది. స్టాండుకి కిందికి చూసేలా బిగించి, ఎఫ్ 8, ఐఎస్ఓ 100, రెండు సెకన్ల టైమరు పెట్టు. అట్ట పెట్టేచోట చిన్న అద్దం పడుకోబెట్టు. ఫ్రేము నట్టనడుమ లెన్సుకి దాని ప్రతిబింబమే కనిపించిందా, కెమెరా సరిగ్గా నిలిచినట్టే. దీపాలు రెండు, చెరోపక్క 45 డిగ్రీల్లో. నిగనిగలాడే పొర మెరిస్తే దీపాల్ని ఇంకా పక్కకి వాల్చు. తర్వాత రంగులు సరిచూసుకోవడానికి మొదటి ఫొటోలో గ్రే కార్డు, అదే బూడిదరంగు అట్టముక్క, పెట్టడం మరిచిపోకు.

వెనకట్ట వదలొద్దు గురూ! నన్నడిగితే ముందట్ట మీది బొమ్మ కంటే అదే విలువైనది. రాసినవాళ్లు, పాడినవాళ్లు, వాయించినవాళ్ల పేర్లు చాలాసార్లు అక్కడే ఉంటాయి. అట్ట మీది కేటలాగు నంబరునే ఫైలు పేరుగా పెట్టి, చివర ‘ముందు’, ‘వెనక’ అని చేర్చు. తెలుగు, ఒడియా, హిందీ రికార్డులు కలిసే ఉంటాయి కదా, పేర్లతో వెతికితే గందరగోళం.

మొదటి టిఫ్‌ని ముట్టుకోకు. చిరుగులూ మరకలూ కాపీలోనే దిద్దు. ఒక కాపీ ఇంట్లో, ఒకటి విడి హార్డ్‌డిస్కులో, మూడోది విశాఖలోనో రాయగడలోనో చుట్టాలింట్లో. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను తీరం దాటింది గోపాలపూర్ దగ్గరే కదా.

అయ్యాక అట్టల్ని నిలువుగా, బిగించకుండా సర్దు. ఒకదానిమీదొకటి పడుకోబెడితే డిస్కు అంచు బొమ్మ మీద గుండ్రంగా అచ్చుపడుతుంది. పాలీప్రొపిలీన్ కవరు వాడు, పీవీసీది వద్దు, కొన్నేళ్లకి అంటుకుపోతుంది. కలరా ఉండలు కూడా వెయ్యకు.

ఈపీలతో మొదలుపెట్టు. ఏడంగుళాలవి ఏ4 గాజు మీద ఒక్కసారికే పడతాయి, అతుకుల గొడవుండదు. మొదటి పది అయ్యాక వెనకట్టలు పంపు, అక్షరాల పదును చూసి చెబుతాను.

నీ నేస్తం